ఫైలు ఎటుపోయింది? – జిరాక్సు షాపు డైరీ

జూన్ 2, 2025, సోమవారం

బడులు తెరిచే నెల, పరీక్షల నెల, కౌన్సెలింగుల నెల. నరసరావుపేటలో ఎమ్మార్వో ఆఫీసు వీధిలో జిరాక్సు షాపు నడిపేవాళ్ళకి జూన్‌లో ఊపిరాడదు. కాకపోతే కాగితం చేత్తో పట్టుకొచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఇప్పుడంతా ఫోను పట్టుకొనే వస్తారు.

"అక్కా, డౌన్‌లోడ్ అయిందని చూపించింది. ఎక్కడుందో కనపడట్లా."

పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా ఇదే మాట. ఎక్కడ పెట్టావని నేను అడగను. పెట్టింది వాళ్ళయితే కదా, పెట్టింది ఫోను. "ఎందులోంచి దించావు? క్రోమ్‌లోనా, వాట్సాప్‌లోనా, జీమెయిల్‌లోనా?" అని అడుగుతాను. అది తేలితే సగం పని అయినట్టే.

మిగతా సగం ఫోను కంపెనీని బట్టి ఉంటుంది. శాంసంగ్‌లో "మై ఫైల్స్" అంటారు. రెడ్‌మీ, రియల్‌మీ వాళ్ళది "ఫైల్ మేనేజర్". గూగుల్ వాళ్ళది ఉత్త "ఫైల్స్". ఏది తెరిచినా లోపల డౌన్‌లోడ్ అనే ఫోల్డర్ ఒకటి ఉంటుంది, బ్రౌజర్లో దించిన సరుకంతా అక్కడే పడుతుంది. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఫోను వాడుతున్నవాళ్ళు చాలామంది. తప్పు వాళ్ళది కాదు. కొన్నప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో చెప్పారు గానీ, ఈ ముక్క చెప్పినవాళ్ళు లేరు.

జూన్ 4, బుధవారం

ఎల్లుండి నుంచి మెగా డీఎస్సీ పరీక్షలు. 16,347 టీచరు పోస్టులు. హాల్ టికెట్లు మే 30 నుంచీ సైట్లో ఉన్నా, జనం మాత్రం ఆఖరి రెండు రోజులకే వస్తారు.

వినుకొండ వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చంకలో పిల్లాడు, చేతిలో ఫోను. "నాలుగుసార్లు నొక్కానక్కా, ఒక్కసారీ దిగలేదు."

క్రోమ్ తెరిచి, పైన కుడిచేతి పక్క మూడు చుక్కలు నొక్కి, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళాను. నాలుగూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. మొదటిదానికి మామూలు పేరు. తర్వాతి వాటికి అదే పేరు చివర బ్రాకెట్లో 1, 2, 3. ప్రతిదాని కిందా సైజు, ఏ సైటు నుంచి వచ్చిందో ఆ పేరు.

"దిగినట్టు చెప్పి చావొచ్చుగా!" అంది.

చెప్పింది. తెర మీద ఒక పట్టీలా వచ్చి, పిల్లాడు కదిలేలోపు మాయమైపోయింది. రెండోసారి నొక్కినప్పుడు "మళ్ళీ దించాలా?" అని కూడా అడిగే ఉంటుంది. హడావుడిలో ఉన్నవాళ్ళు వచ్చిన ప్రతి ప్రశ్నకీ అవునని కొట్టేస్తారు.

ఆమెకి రెండు ప్రింట్లు తీసిచ్చి, తక్కిన మూడు ఫైళ్ళూ ఆమె చేతే తీసేయించాను. ఒకసారి తన వేలితో చేస్తే గుర్తుంటుంది. నేను చేసి పెడితే, పరీక్ష కేంద్రం మారిందంటే మళ్ళీ ఇక్కడికే రావాలి.

జూన్ 5, గురువారం

ఇవాళ ప్రింటుకి వచ్చిన ఫైళ్ళ పేర్లు కొన్ని: డౌన్‌లోడ్.పీడీఎఫ్. రిపోర్ట్.పీడీఎఫ్. ప్రింట్.పీడీఎఫ్. డాక్యుమెంట్ బ్రాకెట్లో 7. ఒకదానికైతే పేరే లేదు, అన్నీ అంకెలే.

లోపల చూస్తే ఒకటి కుల ధ్రువీకరణ, ఒకటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఒకటి డిగ్రీ మార్కుల మెమో. ఆ కాగితం తయారుచేసిన కంప్యూటర్‌కి మనిషి పేరు తెలుసు, తండ్రి పేరు తెలుసు, నంబరు తెలుసు, తేదీ తెలుసు. అన్నీ కాగితం మీద పొందిగ్గా అచ్చేసింది. ఫైలు నెత్తిన మాత్రం "రిపోర్ట్" అని రాసి చేతులు దులుపుకుంది. అలాంటి రిపోర్టులు ఫోన్లో పాతిక పోగయ్యాక ఏది ఎవరిదో బ్రహ్మ కూడా చెప్పలేడు.

జూన్ 7, శనివారం

రొంపిచర్ల పెద్దాయన. హైదరాబాదులో ఉన్న కొడుకు మీభూమి సైట్లోంచి పొలం అడంగల్, 1-బి తీసి వాట్సాప్‌లో పంపాడట. బ్యాంకులో పంటరుణం రెన్యువల్‌కి కావాలి.

"వచ్చిందమ్మా, చూడు, ఇదుగో" అని చూపించాడు. చాట్‌లో పీడీఎఫ్ బొమ్మ ఉంది, దాని పక్కనే కిందికి దిగే బాణం. అంటే ఇంకా దిగలేదని. ఫైలు వాట్సాప్ వాళ్ళ దగ్గరే ఉంది, ఆయన ఫోన్లోకి రాలేదు. బాణం నొక్కితే గుండ్రంగా తిరిగి దిగింది. ఇలా నొక్కకుండా చాలా రోజులు వదిలేస్తే ఇక దిగదు, పంపినవాళ్ళే మళ్ళీ పంపాలి. పెద్దవాళ్ళలో చాలామందికి చాట్‌లో కనపడితే చేతికి వచ్చినట్టే లెక్క.

"మరి ఫైళ్ళలో కనపడదేం?" అన్నాడు. పెద్దాయన గట్టివాడే. ఫైల్ మేనేజర్లో దారి చూపించాను. ముందు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, మళ్ళీ మీడియా, అందులో వాట్సాప్ డాక్యుమెంట్స్. ఆరు గుమ్మాలు దాటితే అడంగల్.

ఇదివరకు ఇంత లోతు లేదు. వాట్సాప్ ఫోల్డర్ పైకే కనపడేది. 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలుపెట్టి, 2020లో వచ్చిన 11తో గూగుల్ కట్టుదిట్టం చేసింది. ఒక యాప్ ఫైళ్ళలో ఇంకో యాప్ ఇష్టమొచ్చినట్టు చెయ్యి పెట్టకూడదని. ఉమ్మడి కుటుంబంలో కోడళ్ళ పెట్టెల్లా ఎవరి సామాను వాళ్ళదే, ఎవరి తాళం వాళ్ళదే. భద్రత మాట నిజమే. పెద్దాయన లాంటివాళ్ళకి వెతుకులాట పెరిగిన మాటా నిజమే.

అందుకని వాట్సాప్‌లో వచ్చిన ముఖ్యమైన కాగితాన్ని అక్కడే ఉంచొద్దంటాను. కాపీ తీసి డౌన్‌లోడ్ ఫోల్డర్లో పెట్టుకొని, ఆ కాపీకి పేరు మార్చుకోవాలి. అసలుదాని పేరే మారిస్తే చాట్‌లోంచి నొక్కినప్పుడు ఫైలు లేదంటుంది.

జూన్ 8, ఆదివారం

ఆదివారమైనా తీశాను. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయి. పేరు 2021లో మారినా తండ్రులందరూ ఎంసెట్ అనే అంటున్నారు.

ఒక కుర్రాడి చేతిలో ఐఫోను. ర్యాంకు కార్డు దించాడు, దొరకడం లేదు. పక్కన నాన్నకి కోపం: "ఇంత డబ్బు పోసి కొనిస్తే డౌన్‌లోడే ఉండదంట దీంట్లో!"

ఉంటుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చేదాకా ఐఫోన్లో ఫైళ్ళన్నీ ఒకచోట చూసుకునే యాప్ లేదు గానీ, తర్వాత నుంచీ నీలం ఫోల్డర్ బొమ్మతో "ఫైల్స్" ఉంది. సఫారీలోంచి దించినది అందులో రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. ఐక్లౌడ్ డ్రైవ్ కింద డౌన్‌లోడ్స్‌లో గానీ, "ఆన్ మై ఐఫోన్" కింద డౌన్‌లోడ్స్‌లో గానీ. కుర్రాడు రెండోదే చూసి లేదనుకున్నాడు. మొదటిదాంట్లో ఉంది. క్రోమ్‌లో దించి ఉంటే మళ్ళీ వేరే, ఆన్ మై ఐఫోన్‌లో క్రోమ్ పేరుతో ఇంకో ఫోల్డర్.

ర్యాంకు చూసి నాన్న కోపం తగ్గిందో పెరిగిందో తెలుసుకోలేదు. వెనకాల వరుస పెద్దది.

జూన్ 10, మంగళవారం

ఫైలు దొరికాక అసలు కథ మొదలయ్యేది ఆధార్‌తోనే. నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫోను పాస్‌వర్డ్ కొడతారు, బ్యాంకు పిన్ కొడతారు, ఓటీపీ కోసం ఎదురుచూస్తారు.

ఆధార్ పీడీఎఫ్‌కి తాళం ఇది: ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం నాలుగంకెలు. సురేష్ కుమార్, 1990 అయితే ఎస్, యు, ఆర్, ఇ, 1990. మన వైపు చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. కార్డు మీద పి. కుమార్ అని ఉంటే పి, తర్వాత చుక్క, కె, యు. చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. పేరు మూడు అక్షరాలే అయితే ఆ మూడే, తర్వాత సంవత్సరం. ఈ చుక్క సంగతి తెలియక ఎంతమంది "ఆధార్ పాడైపోయింది" అని మీసేవకి పరిగెత్తారో.

ఇంకో మాట నాకోసం రాసుకోవాలి. గోడ మీద అంటించిన నంబరుకి ఊరు ఊరంతా ఆధార్లు, పాస్‌బుక్కులు, పాన్ కార్డులు వాట్సాప్ చేస్తుంది. సాయంత్రానికి షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్ ఫోల్డర్లో సగం పేట ఉంటుంది. షట్టర్ దించే ముందు అన్నీ ఎంచి, షిఫ్ట్ పట్టుకొని డిలీట్ కొడతాను. షిఫ్ట్ లేకపోతే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. చాట్లూ తుడుస్తాను. బయటి కంప్యూటర్లో ఆధార్ దించుకుంటే పని అయ్యాక పూర్తిగా తీసేయమని ఆధార్ సంస్థే చెప్తుంది. మీరు ఏ షాపులో ప్రింటు తీయించినా, తీసేశారా అని నోరు తెరిచి అడగండి. అడిగితే నాకేమీ కోపం రాదు. కోపం వచ్చే చోట ఇంకోసారి తీయించకండి.

జూన్ 12, గురువారం

తల్లికి వందనం పథకం డబ్బులు పడే రోజు. ఒక్కో బిడ్డకి 13,000 తల్లి ఖాతాలోకి. పొద్దుటి నుంచి ఆడవాళ్ళే. పడిందా లేదా, పేరు ఉందా లేదా.

వీళ్ళ దగ్గర ఫైళ్ళుండవు, స్క్రీన్‌షాట్లుంటాయి. స్క్రీన్‌షాట్ డౌన్‌లోడ్ ఫోల్డర్‌కి రాదు. గ్యాలరీలో స్క్రీన్‌షాట్స్ అనే ఆల్బమ్‌లో చేరుతుంది. ప్రింటు తీస్తే పైన గడియారం, బ్యాటరీ శాతం, కింద సగం తెగిన నంబరు. ఆఫీసులో ఒప్పుకోరు. కనపడినదాన్ని ఫోటో తీసుకుంటే కాగితం చేతికి వచ్చినట్టు కాదని చెప్పడానికి ఈ వీధిలో నాకొక మైకు కావాలి.

ఈ జనవరి 30న ప్రభుత్వం "మన మిత్ర" పెట్టింది. 161 సేవలతో మొదలు, వాట్సాప్‌లోనే. ఇంటర్ హాల్ టికెట్లు కూడా అలానే వచ్చాయి. గుమాస్తా దగ్గర నిలబడే పని తప్పింది, మంచిదే. అయితే అలా వచ్చిన పీడీఎఫ్ క్రోమ్ డౌన్‌లోడ్స్‌లో ఎంత వెతికినా ఉండదు. వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి వాట్సాప్ డాక్యుమెంట్స్‌లో ఉంటుంది. చుట్టం రాసిన జాబూ, సర్కారిచ్చిన సర్టిఫికెట్టూ ఇప్పుడు ఒకే ఫోల్డర్.

జూన్ 14, శనివారం

మధ్యాహ్నం చేపల వ్యాపారి ఒకాయన వచ్చాడు. "పెళ్ళి పత్రిక పంపారమ్మా, తెరుచుకోవట్లేదు. ప్రింటు తీసివ్వు."

పంపినవాళ్ళెవరని అడిగితే "తెలిసినవాళ్ళే అయ్యుంటారు, నంబరు మాత్రం కొత్తది" అన్నాడు. డౌన్‌లోడ్ అయిన ఫైలు పేరు చివర చూశాను. పీడీఎఫ్ కాదు, జేపీజీ కాదు. ఏపీకే.

ఏపీకే అంటే పత్రిక కాదు, యాప్. నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది. తెలియనిచోట నుంచి వచ్చింది, అనుమతి ఇస్తావా అని ఫోను అడుగుతుంది. మనవాళ్ళు పత్రిక చూసే తొందరలో ఇచ్చేస్తారు. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అదీ ఇచ్చేస్తారు. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు ఇంకెవడో చదువుతుంటాడు. పెళ్ళి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో ఇవే తిరుగుతున్నాయి.

అదృష్టం, ఆయన ఫోను అనుమతి దగ్గరే ఆగి ఉంది. ఫైలు తీసేయించాను, ఆ నంబరు బ్లాక్ చేయించాను. డబ్బు పోయినవాళ్ళయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఫైలు వెతకడం నేర్పేటప్పుడు ఈ మాట కూడా నేర్పాలి. పత్రిక ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకేగా వచ్చే పెళ్ళి ఏదీ లేదు.

జూన్ 16, సోమవారం

పెన్‌డ్రైవ్ పట్టుకొని రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఫోన్లో హరిశ్చంద్ర నాటకం పద్యాలు డౌన్‌లోడ్ చేసుకున్నారట యూట్యూబ్‌లో. "పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమ్మా, కార్లో పెట్టుకొని వింటాను."

యూట్యూబ్ తెరిస్తే డౌన్‌లోడ్స్ కింద కాటిసీను వీడియో ఉంది. నెట్ ఆపినా ఆడుతుంది. ఫైల్ మేనేజర్లో మాత్రం ఎక్కడా లేదు. ఎందుకంటే అది మనకిచ్చిన ఫైలు కాదు. యూట్యూబ్ తన యాప్ లోపల, తనకే అర్థమయ్యేలా దాచుకున్నది. బయటికి తీయలేం, పెన్‌డ్రైవ్‌లో వేయలేం. డబ్బు కట్టే ప్రీమియం వాళ్ళయినా నెలకోసారైనా ఫోనుకి నెట్ తగలకపోతే ఆడదు. ఓటీటీల్లో దించుకున్న సినిమాలూ ఇంతే, గడువు దాటితే పోతాయి.

"అంటే అద్దెకిచ్చినట్టన్నమాట" అన్నారు మాస్టారు. అంతే. డౌన్‌లోడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది మన సొత్తు కాదు. ఫైల్ మేనేజర్లో కనపడేది, ఇంకొకరికి పంపగలిగేది, పేరు మార్చగలిగేది మనది.

మాస్టారు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకొని, అక్కడే నిలబడి వారణాసి పద్యం ఒకటి రాగం తీశారు. జిరాక్సు మిషను కాసేపు ఆపాను.

జూన్ 19, గురువారం

"స్పేస్ లేదంటోందమ్మా. ఫైలు దిగట్లా."

ఒకావిడ చేతిలో 64 జీబీ ఫోను. నిండా శుభోదయాలు. తామర పువ్వు మీద వెంకటేశ్వరస్వామి, కాఫీ కప్పు మీద సూక్తి, ప్రతి గ్రూపులోంచీ అదే మళ్ళీ. మన దేశంలో ఇదెంత పెద్ద గొడవంటే, 2017 డిసెంబరులో గూగుల్ ఢిల్లీలో ఒక యాప్ విడుదల చేసింది, ఫైల్స్ గో అని. ఫోన్లో చోటు ఖాళీ చేయడం దాని మొదటి పని. మరుసటి ఏడాది పేరు మార్చారు. ఇవాళ చాలా ఫోన్లలో ముందే వేసి ఇస్తున్న "ఫైల్స్" అదే.

వాట్సాప్‌లోనూ దారుంది. సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ దాటినవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట వరుసగా పెట్టి చూపిస్తుంది. అక్కడ నుంచి తీసేస్తే బోలెడంత చోటు వస్తుంది.

ఆవిడ అన్నీ ఎంచేసి డిలీట్ కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. శుభోదయాల మధ్యలో భర్త డెత్ సర్టిఫికెట్ ఫోటో ఉంది. పెన్షనుకి కావలసింది అదే. ఫైల్స్ యాప్‌లో గానీ శాంసంగ్ మై ఫైల్స్‌లో గానీ తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. వాట్సాప్ లోపల నుంచి తీసేసినవాటికి ఆ భరోసా లేదు. ముందు కావలసినవి పక్కకి తీయాలి, తర్వాతే తుడవాలి.

జూన్ 21, శనివారం

యోగా దినం. ప్రధాని విశాఖలో. బస్సులన్నీ అటే పోయినట్టున్నాయి. వీధి పలచగా ఉంది. నిన్న, ఇవాళ జరగాల్సిన డీఎస్సీ పరీక్షలు కూడా జూలై 1, 2 తేదీలకి మార్చారు.

ఒక ఇంటర్ కుర్రాడు నెమ్మదిగా వచ్చి, "అక్కా, ఇన్‌కాగ్నిటోలో దించితే కనపడదు కదా?" అన్నాడు. ఏం దించాడో అడగలేదు. కనపడుతుందని మాత్రం చెప్పాను. ఇన్‌కాగ్నిటో మూసేస్తే చూసిన పేజీల చరిత్ర పోతుంది గానీ దిగిన ఫైలు డౌన్‌లోడ్ ఫోల్డర్లో శుభ్రంగా ఉంటుంది. ముఖం మాడ్చుకొని వెళ్ళాడు.

జూన్ 24, మంగళవారం

కోర్టు గుమాస్తా గారు. లాయరు మెయిల్ చేసిన పిటిషన్ కాపీ ఫోన్లో పెట్టుకొని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ సిగ్నల్ లేదు. తెరుచుకోలేదు.

జీమెయిల్‌లో పీడీఎఫ్ మీద రెండు గుర్తులుంటాయి. త్రిభుజం లాంటిది డ్రైవ్. కింద గీత ఉన్న బాణం డౌన్‌లోడ్. ఈయన త్రిభుజం నొక్కారు. డ్రైవ్‌లో చేరిందంటే గూగుల్ వాళ్ళ దగ్గర భద్రంగా ఉందని. ఫోన్లో ఉందని కాదు. బాణం నొక్కితే డౌన్‌లోడ్ ఫోల్డర్‌కి వస్తుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఆఫీసుకి వెళ్ళే ముందు ఫోన్లో నెట్ ఆపి ఒకసారి తెరిచి చూసుకోమన్నాను. తెరుచుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంతకుమించిన పరీక్ష లేదు.

లైసెన్సు, ఆర్‌సీ లాంటివి మాత్రం దించి దాచుకునే పనే తక్కువ. 2015 నుంచి డిజిలాకర్ ఉంది. అందులో ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు.

జూన్ 26, గురువారం

వాయిదా పడిన డీఎస్సీ పరీక్షలకి మార్చిన హాల్ టికెట్లు ఇచ్చారు. పాతదీ కొత్తదీ కలగలిసిపోతాయని భయపడినట్టే అయింది.

సత్తెనపల్లి కుర్రాడు ప్రింటు తీయించుకొని వెళ్ళబోతూ, "తేదీ ఒకసారి చూడక్కా" అన్నాడు. పాతదే, జూన్ 20 అని ఉంది. ఫోన్లో రెండు ఫైళ్ళు. ఒకే పేరు. ఒకదాని చివర బ్రాకెట్లో 1. వరుసలో పైన పాతది ఉంది, ఎందుకంటే ఫోన్లో ఫైళ్ళు తేదీ ప్రకారం కాకుండా పేరు ప్రకారం పేర్చి ఉన్నాయి. పైనున్నదే కొత్తదనుకొని అదే నొక్కాడు.

వరుసని తేదీ ప్రకారం మార్చాను. సార్ట్ అని ఉంటుంది, అందులో డేట్, కొత్తది ముందు. కొత్త హాల్ టికెట్ పైకి వచ్చింది. దాని మీద వేలు నొక్కిపట్టి, మూడు చుక్కలు, రీనేమ్. ఏం పేరు పెడదామంటే, "డీఎస్సీ జూలై కొత్తది" అన్నాడు. పెట్టాడు. పాతది అక్కడికక్కడే తీసేశాడు.

ఫైలు పోగొట్టుకోవడం కన్నా పాత ఫైలు చేతికి రావడం ప్రమాదం. పోతే వెతుక్కుంటాం. పాతది దొరికితే వెతకడం ఆపేస్తాం.

జూన్ 28, శనివారం

పక్క వీధి అంగన్‌వాడీ టీచరు ఫోను చూసి ముచ్చటేసింది. డౌన్‌లోడ్ ఫోల్డర్లో అన్నీ తెలుగు పేర్లే. "నాన్న పెన్షన్ 2025", "పాప కులం సర్టిఫికెట్", "ఇంటి పన్ను రసీదు మార్చి". ఫైలు పేరు ఇంగ్లీషులోనే ఉండాలని ఎవరూ అనలేదు కదా అంది.

నిజమే. ఫైల్స్ యాప్‌లో పైన వెతికే చోట "పెన్షన్" అని తెలుగులో కొడితే దొరుకుతుంది. టైపు చేయడం రాకపోతే కీబోర్డు మీద మైకు నొక్కి చెప్పినా చాలు. అయితే ఆ వెతుకులాట సాధారణంగా పేరునే చూస్తుంది, లోపలి మాటలు చూడదు. పేరులో లేని మాటతో వెతికితే ఫైలు ఎదురుగా ఉన్నా లేదంటుంది.

వాట్సాప్ ఫోటోలకి తనే పేరు పెడుతుంది: ఐఎంజీ, తర్వాత తేదీ, తర్వాత డబ్ల్యూఏ, ఒక నంబరు. 20250628 అని ఉంటే ఇవాళ వచ్చిందని. ఎప్పుడు వచ్చిందో గుర్తుంటే ఆ అంకెలతోనూ పట్టుకోవచ్చు.

జూన్ 30, సోమవారం

నెల ముగిసింది. రేపు, ఎల్లుండి మిగిలిన పరీక్షలు. తర్వాత ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. మళ్ళీ ఇదే వరుస, ఇదే మాట.

సైట్లు తయారుచేసేవాళ్ళకి ఒక మనవి. హాల్ టికెట్ అయినా, అడంగల్ అయినా, మార్కుల మెమో అయినా, కాగితం మీద అచ్చేసే పేరూ తేదీ ఫైలు పేరులోనూ వేయండి. మీ ప్రోగ్రాంలో అది ఒకటి రెండు వరుసల పని. మార్చిన కాగితం ఇస్తున్నప్పుడు "సవరించినది" అని కూడా కలపండి. ఊళ్ళో సగం వెతుకులాట ఆగిపోతుంది.

చదివేవాళ్ళకి ఇంకొకటి. ఎందులోంచి దించారో గుర్తుపెట్టుకోండి. క్రోమ్ అయితే మూడు చుక్కల్లో డౌన్‌లోడ్స్, వాట్సాప్ అయితే వాట్సాప్ డాక్యుమెంట్స్, మెయిల్ అయితే బాణం నొక్కారా లేదా చూసుకోండి. దిగిన వెంటనే పేరు మార్చండి: ఎవరిది, ఏమిటి, ఏ ఏడాది. చివర ఏపీకే ఉంటే ముట్టుకోకండి. ఇవాళ తీరిక చేసుకొని మీ డౌన్‌లోడ్ ఫోల్డర్ ఒకసారి తెరవండి. కావలసిన కాగితాలకి మీకు అర్థమయ్యే పేర్లు పెట్టి, మిగతావి తీసేయండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లకీ అదే చేసిపెట్టండి.